సొరబుర్ర చెప్పుకున్న కథ

నన్ను ఎవరూ తయారు చేయలేదు, కాయించారు. పాక మీదికి పాకిన తీగకు కాసిన సొరకాయను నేను. కూరకు కోయకుండా, గోరు దిగనంత ముదిరేదాకా వదిలేశారు. తర్వాత తెంపి, తొడిమ దగ్గర బొక్క పెట్టి, నీళ్లు పోసి మూలన పడేశారు. లోపలి గుజ్జు కుళ్లి, కంపు పోయేదాకా నా దగ్గరికి ఎవరూ రాలేదు. అప్పుడు గులకరాళ్లు వేసి గిలకొట్టి, గింజలూ పీచూ కక్కించి, కడిగి, పొయ్యి మీద పొగకు వేలాడదీశారు. నడుము సన్నగా ఉండటం పుట్టుకతో వచ్చింది. అక్కడ నారతాడు కట్టారు. మోదుగాకు మడిచి మూతికి దోపితే అదే మూత. ఖర్చు సున్నా. ఈ సున్నాను తర్వాత ఒక పట్నం పిల్ల నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు గీసింది. ఆ పిల్ల సంగతికి వస్తాను.

మా గుంపు చర్ల, దుమ్ముగూడెం మండలాల మధ్య అడవిలో, వాగుకు కొంచెం ఎగువన ఉంటుంది. నేను ఇక్కడే కాశాను గానీ నా గింజ బస్తరుది. పెద్దవ్వ దాన్ని బట్టపేలికలో మూటగట్టి తెచ్చింది. 2005 జూన్‌లో అటువైపు మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ చేసి శిబిరాలకు రమ్మని ఒకరు, వెళ్తే ఊరుకోమని ఇంకొకరు. ఆ రెంటికీ మధ్య నలిగినవాళ్లు రాత్రులు నడిచి గోదావరి వైపు దిగారు. మిరపకోతలకు అంతకు ముందు నుంచే వచ్చిపోయేవాళ్లు దారి చూపారు. జుడుం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చింది. అప్పటికి మా పాకల మీద సొరతీగలు ఎన్నోసార్లు కాసి ఎండాయి.

ఇక్కడ వీళ్లను గుత్తికోయలు అంటారు. అటు షెడ్యూల్డు తెగ వాళ్లే, వాగు దాటి ఇటు వస్తే ఆ కాగితం చెల్లదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అందులో అడవి భూమి మీద హక్కు అడగాలంటే 2005 డిసెంబరు 13 నాటికే అక్కడ ఉండి ఉండాలి. జుడుం మొదలైన ఆరు నెలలకు ఆ గడువు! చేతిలో పిల్లలతో అడవులు దాటుతున్నవాళ్లు ఆ ఆరు నెలల్లో ఎక్కడున్నామని రుజువు చూపిస్తారు?

మా గుంపుకు చూడవచ్చేవాళ్లకు కొదవ లేదు. తలలు లెక్కపెట్టేవాళ్లు, దోమతెరలు పంచేవాళ్లు, మలేరియాకు వేలు పొడిచి రక్తం తీసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు. ఇలా బయటివాళ్లు వచ్చి రాసుకెళ్లడం ఈ గోదావరి పొడవునా పాత అలవాటే. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ 1941లో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగాడు. 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చయింది. అయితే ఆయన రాసి ఊరుకోలేదు. నిజాం సర్కారుకు సలహాదారయ్యాడు, ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లను గోండుల్లోంచే తయారు చేసే బడి పెట్టించాడు. ఇదంతా నాకెలా తెలుసంటే, మా పాకలో పడుకున్న కుర్రాడొకడు రాత్రి టార్చిలైటు వేసుకుని ఆ పుస్తకమే చదువుతూ పక్కవాడికి చెప్పాడు.

ఆ కుర్రాడూ, సున్నా కింద గీతలు గీసిన పిల్లా, ఇంకొందరూ హైదరాబాదు నుంచి వచ్చారు. కట్టడాల చదువు. ఒక దాతల సంస్థ కొంచెం డబ్బిస్తానంది, దానితో ఏదైనా ఒక చిన్న పని, ఊరికి పనికొచ్చేది, గీసి కట్టి చూపాలి. భద్రాచలంలో జీపు ఎక్కితే కాసేపటికే ఆంధ్రప్రదేశ్ బోర్డు కనిపించిందట, మరికాసేపటికి మళ్లీ తెలంగాణ. 2014లో పోలవరం ప్రాజెక్టు పేరు మీద భద్రాచలం పట్నాన్ని ఇటు ఉంచి ఏటపాక లాంటి చుట్టుపక్కల ఊళ్లను అటు కలిపారు కదా, అందుకు. పిల్లలు అది చెప్పుకుని నవ్వుకున్నారు. రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కోవడం మా వాళ్లకు కొత్తగా తోచలేదు, నవ్వూ రాలేదు.

మొదటి రోజు చింతచెట్టు కింద మీటింగు. ముగ్గుపిండితో నేల మీద గుంపు పటం గీయించారు. పాకలకు గులకరాళ్లు, చెట్లకు ఆకులు. పద్ధతి మంచిదే, ముసలివాళ్లు కూడా వంగి గీశారు. కానీ పటం చుట్టూ కూర్చున్నది మగవాళ్లు. మిరపతోటల్లో తెలుగు నేర్చింది వాళ్లు. పిల్లలు తెలుగులో అడిగితే ఒక పడుచువాడు కోయలోకి తిప్పేవాడు, జవాబును కొంచెం చిక్కబరిచి తెలుగులో పోసేవాడు.

"మీకు ఏం కావాలన్నా?"

"బోరు సార్."

అడిగేవాడి సంచిలో ఏముంటుందో ఊహించి, అదే కోరుకోవడం మా వాళ్లకు అలవాటైపోయింది. దోమతెరల వాళ్లు అడిగితే దోమలే పెద్ద బాధ. బడి వాళ్లు అడిగితే బడి. అబద్ధం కాదు, మర్యాద. ఇచ్చేవాడిని ఖాళీ చేతులతో పంపకూడదు కదా.

ఆ రాత్రే సోలారు బోరు బొమ్మ గీసేశారు. కాంక్రీటు దిమ్మె, దాని మీద సింటెక్సు ట్యాంకు, నాలుగు కుళాయిలు. బాగానే ఉంది.

మర్నాడు తెల్లారక ముందే ఆ నోటుబుక్కు పిల్ల పెద్దవ్వ కోడలి వెంట బయల్దేరింది. నేను కోడలి భుజాన ఉన్నాను. మాఘం దాటితే వాగు పైకి ఎండిపోతుంది, నీరంతా ఇసుక కిందికి దిగుతుంది. ఇసుకను మోచేతి లోతు తోడితే చెలమలో నీరు ఊరుతుంది, నిదానంగా, తనకిష్టమైనప్పుడు. చిన్న బుర్రడొప్పతో తోడి నాలో పోయాలి. ముందు వచ్చినవాళ్లకు తేట, వెనక వచ్చినవాళ్లకు బురద. అందుకే చీకటితో లేవడం. పిల్ల గంటసేపు ఇసుకలో కూర్చుంది. చెలమ దగ్గర ఆడవాళ్లు మీటింగులో కూర్చున్న ఆడవాళ్లు కారు. ఇక్కడ గొంతు పెరుగుతుంది, జోకులు పడతాయి, ఎవరి మొగుడు ఎంత తాగాడో లెక్క తేలుతుంది. ఆ పిల్లకు కోయ రాదు. తిప్పి చెప్పేవాడు ఇక్కడికి రాడు. అయినా ఏ ఒడ్డున నీరు ఎక్కువ ఊరుతుంది, వానాకాలం వరద ఎక్కడిదాకా ఎక్కుతుంది, ఏ చెట్టు వేళ్లు దాటి ఎప్పుడూ రాదు, ఇదంతా వాళ్లు చేతులతో చూపించారు. ఆమె గీసుకుంది. మొదటి రోజు పటంలో ఈ వాగు ఉత్త గీత మాత్రమే.

తిరిగొచ్చాక నన్ను కొక్కెం త్రాసుకు తగిలించారు. జీవితంలో మొదటిసారి తూగాను. నాలో పట్టేది సుమారు నాలుగు లీటర్లు. మిషన్ భగీరథ లెక్కలో పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు. అంటే ఒక్క మనిషి కోసం నన్ను ఇరవై అయిదుసార్లు ముంచాలి! అది విని కోడలు నవ్వింది. అన్ని నీళ్లు పెట్టి ఏం చేస్తారని అడిగిందట.

ఆ రోజంతా నాకు మహా గౌరవం దక్కింది. బొమ్మలు గీశారు, ఫొటోలు తీశారు. నా చర్మంలోంచి చెమ్మ ఊరి ఆరుతుంటుంది కాబట్టి నీళ్లు చల్లగా ఉంటాయని వివరించుకున్నారు. మా వంశం ఆఫ్రికాలో పుట్టిందని, సముద్రం మీద నెలల తరబడి తేలినా లోపలి గింజ చావదని, మనుషులు ఓడలు కట్టకముందే అట్లాంటిక్ దాటి అమెరికా చేరిందని చెప్పుకున్నారు. నేను పొంగిపోయాను, దాచను. వాగు తప్ప పెద్ద నీళ్లు ఎరగనిదాన్ని, మా తాతలు సముద్రాలు ఈదారంటే ఎవరికి గర్వం ఉండదు?

సాయంత్రం బోరు బొమ్మ పరిచి చూపించారు. పెద్దవ్వ చాలాసేపు చూసింది. దిమ్మె మీద వేలు పెట్టి అడిగింది. తిప్పి చెప్పేవాడు కొంచెం తటపటాయించి తెలుగులో అన్నాడు:

"రేపు మమ్మల్ని ఇక్కణ్నించి లేపితే ఇది కూడా మా ఎంట లేస్తదా అని అడుగుతుంది మేడం."

ఈ ప్రశ్నకు వాళ్ల దగ్గర బొమ్మ లేదు. పైగా చట్టం వేరే వైపు నుంచి తగిలింది. రిజర్వు అడవిలోకి బోరు బండి రావాలంటే అనుమతి కావాలి. అటవీ హక్కుల చట్టం బడి, అంగన్‌వాడీ, తాగునీరు లాంటి 13 సౌకర్యాలకు అడవి భూమి ఇవ్వనిస్తుంది. ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా. కానీ అవి ప్రభుత్వం నడిపేవి కావాలి, గ్రామసభ సిఫారసు చేయాలి. మాది ఊరే కాదంటుంటే గ్రామసభ ఎక్కడిది? శాశ్వత కట్టడం వద్దని అనుమతి ఇచ్చేవాళ్ల మాట. ఎత్తుకెళ్లలేనిది వద్దని పెద్దవ్వ మాట. ఒకరు వీళ్లు పాతుకుపోతారని, ఒకరు మళ్లీ పోవాల్సి వస్తుందని. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఈ ఇద్దరూ ఒకే డిజైను అడిగారు!

కాంక్రీటు దిమ్మె పోయింది. దాని బదులు బోల్టులు విప్పి మోసుకుపోగల ఇనప స్టాండు, చిన్న ట్యాంకు గీశారు. బోరు కాగితం సంగతి తేలేదాకా వాగులో ఒరలు దించుదామనుకున్నారు. పక్కల చిల్లులున్న సిమెంటు ఒరలు, అడుగున కంకర, పైన మూత. ఎక్కడ దించాలన్న దానిపై పెద్ద గొడవ. పిల్లలు పాకలకు దగ్గర అన్నారు, మగవాళ్లు కూడా అదే. ఆడవాళ్లు మలుపుకు ఎగువన, ఆ చెట్టు వేళ్ల పక్కన అన్నారు. దూరం కదా అంటే, వరద ఇసుక తెచ్చి పూడ్చేది మలుపు కిందనే అని చెప్పారు. దూరంగా ఉంటే కాసేపు ఎవరికీ కనపడకుండా కూర్చోవచ్చన్న మాట వాళ్లు చెప్పలేదు. నాకు తెలుసు.

ఒరలు ట్రాక్టరులో వచ్చాయి. ఒకటి దారిలోనే పగిలింది, మిగిలినవి దిగాయి. బోరు కాగితం ఏదో బల్ల మీద ఉంది. స్టాండు వచ్చింది, ట్యాంకు రాలేదు. ప్రస్తుతానికి దాని మీద ఇప్పపువ్వు ఎండబెడుతున్నారు, పశువుల బెడద లేదని అందరికీ నచ్చింది. పిల్లలు పరీక్షలకు వెళ్లిపోయారు. వాళ్ల రిపోర్టు అట్ట మీద నా బొమ్మ వేశారని తిప్పి చెప్పేవాడు ఫోనులో చూసి చెప్పాడు.

కోడలు మాత్రం మిరపకోత కూలి డబ్బుతో దుమ్ముగూడెం సంతలో ప్లాస్టిక్ బిందె కొంది. ఎర్రది. నాకన్నా మూడింతలు పడుతుంది, కింద పడితే పగలదు. నాకు కోపం లేదు, ఆమె నడుమును అడిగితే అదీ అదే చెబుతుంది. నన్నిప్పుడు జీలుగుకల్లుకు వాడుతున్నారు, అంటే హోదా పెరిగింది. పొద్దున్నే మగవాళ్లు నా చుట్టూ చేరి, ఈ వానకు ఒరలు ఆగుతాయా కొట్టుకుపోతాయా అని కోడిపుంజులు పందెం కాస్తున్నారు. పెద్దవ్వ కూడా ఒక పుంజును కాసింది, ఆగుతాయని. చోటు చూపించింది ఆవిడే కాబట్టి.