కాగితం మీద గుసగుస, గదిలో గుర్రు

మంచం పక్కన కూల్‌డ్రింకుల బుల్లి ఫ్రిజ్ ఇప్పుడు హోదా. డబ్బా మీద ‘38 డెసిబెల్స్ మాత్రమే’ అని మురిపిస్తారు. ఎంత దూరం నుంచి కొలిచారో, మోటారు తిరుగుతున్నప్పుడో ఆగినప్పుడో అడక్కూడదు.

పైగా డెసిబెల్స్ మన కూడికల లెక్క కాదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలు, చెవికి దాదాపు రెట్టింపు. 38కి, 48కి మధ్య తేడా షాపువాడికి పదే, కొన్నవాడికి జాగారం. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 దాటాక 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పక్కవీధి డీజే మీదైతే ఫిర్యాదు చేస్తాం, సొంత ఫ్రిజ్ మీద ఎవరికి చెప్పుకుంటాం?

ఒకే తీరు గుర్రుకు అలవాటు పడొచ్చు (ఎన్ని కాపురాలు సాక్ష్యం!). నిద్ర చెడగొట్టేది కంప్రెసర్ ఉండుండి ‘ధడ్’మని లేవడం, సీసాలు గలగలమనడం. చెక్క అలమరలో ఇరికించారా, అలమర కూడా వంత పాడుతుంది.

కంప్రెసర్ లేని పెల్టియర్ రకానికి ఫ్యాన్ మోత ఒక్కటే. కాకపోతే గది వేడి కంటే ఓ 20 డిగ్రీలు తగ్గించడమే దానికి గగనం. మే నెల రెంటచింతలలో గోలీసోడా గోరువెచ్చగా తాగాలి.

పూర్తి నిశ్శబ్దమే కావాలంటే హోటల్ గదుల్లో పెట్టే అమ్మోనియా రకం ఉంది. 1922లో ఇద్దరు స్వీడన్ విద్యార్థులు కనిపెట్టారు. మోటారే లేదు, కిక్కురుమనదు. కరెంటు మాత్రం గటగటా తాగుతుంది. అరుపులన్నీ బిల్లు చూసిన ఇంటాయనవే.