కూర్చుని చచ్చిన టైరు

మా పికప్ ట్రక్కు నోరున్న బండి. ఏ టైరులోనైనా గాలి నాలుగో వంతు తగ్గిందంటే డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగించి, ఫలానా చక్రమని బొమ్మ గీసి మరీ చాడీ చెబుతుంది. అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లకీ, ఇలాంటి చిన్న ట్రక్కులకీ ఈ నోరు చట్టప్రకారం ఉండి తీరాలి. దాని వెనకాల తగిలించుకుని తిరిగే ట్రైలరుకి మాత్రం ఆ చట్టం వర్తించదు. లోపల వంటగది, మంచాలు, బాత్‌రూము. మొత్తం మూడు టన్నుల పైచిలుకు బరువు. కింద నాలుగే చక్రాలు. ఇంత సంసారం మోస్తూ కూడా నోట్లో నాలుక లేదు పాపం దానికి. టైరు పేలినా కిక్కురుమనదు. పక్కనున్న చక్రం చచ్చినదాని బరువు కూడా నెత్తినేసుకుంటుంది. ముందు స్టీరింగు పట్టుకున్నవాడు ఘంటసాల పాటలు వింటూ పోతూనే ఉంటాడు.

ట్రైలరు కొన్నామని చెప్పినప్పుడు హ్యూస్టన్‌లో మా తెలుగు మిత్రులెవరూ సంతోషించలేదు. "ఉద్యోగం బానే ఉందిగా?" అని గొంతు తగ్గించి అడిగారు. ఇల్లుండగా చక్రాల మీద ఇంకో ఇల్లు కొంటున్నాడంటే మొదటి ఇల్లు చేజారుతోందేమోనని వాళ్ళ అనుమానం. మాకు ట్రైలరు అమ్మిన పెద్దమనిషి మాత్రం టైర్లని ఆప్యాయంగా తట్టి, "గాట్లు ఎంత లోతున్నాయో చూడండి, రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు" అన్నాడు. నిజమే, ఊడలేదు. ఆ వెంట్రుకల సంగతి ముందు ముందు వస్తుంది.

మార్చి సెలవులకి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇక్కడే ఎం.ఎస్. చదువుతున్న మా బావమరిది, కూతుర్నీ కొడుకునీ చూసిపోదామని వచ్చిన మావయ్యగారు. మావయ్యగారు విజయవాడ ఆటోనగర్ మనిషి. రెండు లారీలు తిప్పి ఇద్దరు పిల్లల్ని చదివించారు. ట్రక్కూ ట్రైలరూ తగిలించడం చేతులు వెనక్కి కట్టుకుని ఆసాంతం చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"క్లీనరేడి అల్లుడుగారూ?"

"ఇక్కడ క్లీనర్లుండరు మావయ్యగారూ."

"మరి వెనక చక్రాల మంచీచెడ్డా ఎవరు చూస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. అమెరికా దగ్గరా లేదు. సెన్సర్లని కొనుక్కుని ట్రైలరు టైర్ల వాల్వులకి బిగించుకోవచ్చు. నేనూ ఆర్డరిచ్చాను. ఆ పొట్లం మేం బయల్దేరిన మర్నాడు ఇంటి గుమ్మంలో దిగింది. అందుకని మావయ్యగారు బావమరిదిని అక్కడికక్కడే క్లీనర్‌గా నియమించారు. "నాన్నా, నాది డేటా సైన్స్" అని వాడు మొత్తుకున్నాడు. "అయితే డేటా చూడు, వెనక చక్రాలెన్ని?" అన్నారాయన.

ఆగిన ప్రతిచోటా మావయ్యగారు స్పానర్ రాడ్డు తీసుకుని టైర్లని ఒక్కొక్కటే కొట్టి, చెవి వంచి వినేవారు. ట్రైలరు టైర్లలో గాలి వాటి గోడ మీద రాసిన గరిష్ఠానికి, అంటే మా వాటికి 65 పాయింట్లకి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నింపాలి. కొట్టి వింటే 65 ఉందో 50 ఉందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. లారీ జంట టైర్లలో ఒకటి పూర్తిగా చచ్చిందా లేదా అన్నది తెలుస్తుంది, అంతే. ఈ శాస్త్రీయ సత్యాన్ని నేను మావయ్యగారికి విన్నవించలేదు. అల్లుడిగా నాకు ఆ మాత్రం సర్వీసుంది.

ఇంటర్‌స్టేట్ 10 మీద కెర్‌విల్ దాటి పడమటికి వెళితే వేగపరిమితి గంటకి 80 మైళ్ళు. ట్రైలర్ల కోసమే చేసే టైర్లకి గోడ మీద ఎస్టీ అనే అక్షరాలుంటాయి. ఇవి చాలాకాలం 65 మైళ్ళకి మించి పరిగెత్తడానికి పుట్టినవి కావు. ఈమధ్య వస్తున్న కొన్ని రకాలు ఇంకాస్త వేగం తట్టుకుంటున్నాయి. అందువల్ల రోడ్డు మమ్మల్ని రమ్మంటే టైర్లు వద్దనేవి. టైర్ల మాటే విని 62 మీద పోతుంటే టెక్సస్ రాష్ట్రం యావత్తూ మమ్మల్ని దాటుకుంటూ పోయింది. మావయ్యగారు ఒక్కరే ఆనందంగా ఉన్నారు. ఇన్నాళ్ళకి ఈ దేశంలో ఆయనకి తెలిసిన వేగం కనిపించింది.

ఓజోనా నుంచి ఫోర్ట్ స్టాక్‌టన్ వరకు సుమారు వంద మైళ్ళు. మధ్యలో రాళ్ళ గుట్టలు, తుప్పలు, తల వంచి లేస్తూ చమురు తోడే పంపులు. ఫోను సిగ్నలు ఆ పంపుల్లాగే పైకీ కిందకీ. ఆ దారిలో మమ్మల్ని దాటుతున్న ఒక కారులోంచి పిల్లలు చేతులూపారు. వెనక సీట్లోంచి బావమరిది తిరిగి ఊపాడు. కాసేపటికి తెల్లగడ్డం మోటార్ సైకిలాయన వేలు కిందకి చూపిస్తూ వెళ్ళాడు. బావమరిది బొటనవేలు పైకి చూపించాడు. "టెక్సస్ వాళ్ళు ఎంత కలుపుగోలు మనుషులు బావా!" అన్నాడు. ఆ తర్వాత పద్ధెనిమిది చక్రాల లారీ ఒకటి మా పక్కకొచ్చి, వేగం తగ్గించి, పొడుగ్గా రెండుసార్లు హారన్ కొట్టింది. మావయ్యగారు కునుకులోంచి దిగ్గున లేచారు.

"అది ఊరికే కొట్టిన హారన్ కాదు. బండి పక్కకి తియ్యండి."

ఇంగ్లీషు ఆయనకి అంతంత మాత్రమే. హారన్ మాత్రం ఏ దేశానిదైనా మాతృభాషే.

బ్రేకు గట్టిగా తొక్కకుండా, రోడ్డు తిన్నగా ఉన్నచోట, నేల చదునుగా ఉన్నచోట అంచుకి చేర్చి ఆపాం. కుడివైపు వెనక టైరు ఒక రింగూ, రెండు రబ్బరు పీలికలూ అయింది. పీలిక చక్రంతోపాటు తిరుగుతూ మడ్‌గార్డుని చితకబాదింది. చక్రం మీది చెక్కని పగలగొట్టుకుని లోపల వంటగది అరలోకి తొంగిచూసింది. ఆ అరలో మా ఆవిడ చేగోడీల డబ్బా పెట్టింది. మూత తీసి చూస్తే సున్నిపిండి. ఆవిడ టైరు వంక చూడలేదు. నా వంక చూసింది.

రోడ్డు మీద ఆదుకునే కంపెనీ ఒకదానికి ఏటా డబ్బు కడుతున్నాను కదా, ఫోన్ చేశాను. పంక్చర్ ట్రక్కుకా, ట్రైలరుకా అనడిగారు. ట్రైలరుకన్నాను. మీ ప్లానులో ట్రక్కు ఉందిగానీ ట్రైలరు లేదన్నారు. సంగతి మావయ్యగారికి తెలుగులో చెబితే, "అంటే ట్రక్కు ఒక్కతే ఇంటికెళ్ళిపోవచ్చా?" అని విచారించారు.

ఇక మనమే. బావమరిది ట్రైలరుని విప్పేద్దామన్నాడు. విప్పకూడదు, ట్రక్కుకి తగిలి ఉంటేనే అది కదలకుండా నిలబడుతుంది. పోనీ ట్రక్కు స్టెప్నీ వేద్దామన్నాడు. అది 18 అంగుళాల రింగు, ట్రైలరుది 15. ట్రైలరు స్టెప్నీ వెనక బంపరు మీద ముసుగేసుకుని ఉంది. ముసుగు తీస్తే, వెలగబెట్టిన నాలుగింటికీ తోబుట్టువే, గాలి సగమే. చిన్న కంప్రెసరుతో దాన్ని నింపుతుంటే అది చేసిన చప్పుడుకి తుప్పల్లో కుందేళ్ళు పారిపోయాయి.

మావయ్యగారు అప్పటికే రాళ్ళేరుకొచ్చి ఎడమ చక్రాలకి ముందూ వెనకా పెట్టించారు. జాకీ అడిగారు. ట్రైలరుకి జాకీ పెడితే ఛాసిస్ కింద పెట్టాలి. ఇరుసు గొట్టం కింద పెడితే అది వంగుతుంది. నేను జాకీ బదులు మెట్లమెట్లుగా ఉన్న ప్లాస్టిక్ దిమ్మ తీశాను. ముందు చచ్చిన చక్రం నట్లు నేల మీదుండగానే కాస్త వదులు చేసుకోవాలి, గాల్లోకి లేచాక తిప్పితే చక్రం కూడా తిరుగుతుంది. ఆ తర్వాత ఎడమ చక్రాల ముందు పెట్టిన రాళ్ళు తీసేసి, కుడివైపు బతికున్న టైరు ముందు దిమ్మ పెట్టి ట్రక్కుని ఒక్క అడుగు ముందుకి నడిపితే, మంచి టైరు దిమ్మెక్కుతుంది, చచ్చినది గాల్లో వేలాడుతుంది. మళ్ళీ రాళ్ళు పెట్టేస్తే సరి. మావయ్యగారు చూసి నవ్వారు. "మేం కంకరరాళ్ళ మీదెక్కించేవాళ్ళం. రాళ్ళు దొరక్కపోతే టైరు కింద గుంట తవ్వేవాళ్ళం. మీరు దీనికి డాలర్లిచ్చారన్నమాట."

నట్లు బిగించే దగ్గర మా శాస్త్రాలు వేరయ్యాయి. ఆయన పద్ధతిలో స్పానర్ రాడ్డు మీద నుంచుని ఒక ఊపు ఊగాలి. నా పద్ధతిలో టార్క్ రెంచి టిక్కుమనాలి, అదీ వరసగా కాకుండా ఎదురెదురు నట్లు మార్చి మార్చి. రాజీ కుదిరింది. ఆయన ఊగకుండా పర్యవేక్షించారు, క్లీనర్ టిక్కుమనిపించాడు. కొత్తగా వేసిన చక్రానికి యాభై మైళ్ళు పోయాక నట్లు మళ్ళీ చూడాలని చెప్పాను. "ఇది మాత్రం మీకెవరో తెలిసినవాడే నేర్పాడు" అని మెచ్చుకున్నారు.

అప్పుడు ఆయన చచ్చిన టైరు ముందు గొంతుకూర్చుని పోస్టుమార్టం మొదలుపెట్టారు. గాట్లు వేలితో కొలిచారు. వెంట్రుకలు లాగి చూశారు. "ఇది తిరగలేదయ్యా! తిరగని టైరు ఎలా పోయింది?" అన్నారు. గోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూపించాను: 2716. అంటే 2016లో 27వ వారంలో పుట్టింది. ట్రైలరు ఏడాదిలో ఎక్కువ నెలలు పెరట్లో నిలబడే ఉంటుంది. టైరు తిరుగుతూ నలుగుతుంటే లోపలి మైనం పైకొచ్చి రబ్బరుని కాపాడుతుంది. కదలకుండా టెక్సస్ ఎండలో ఉంటే ఆ కాపలా ఉండదు; సన్నగా బీటలిస్తుంది. అందుకే గాట్లతో పని లేకుండా ఐదారేళ్ళకి మార్చెయ్యమంటారు.

మావయ్యగారికి ఇది మింగుడుపడలేదు. ఆయన లారీ టైర్లు అరిగి, రీట్రేడింగ్ చేయించుకుని, మళ్ళీ అరిగి, చివరికి పంక్చర్ షాపు ముందు నీళ్ళ తొట్టెగా కూడా సేవచేసి పోయేవి.

"తిరిగి తిరిగి చచ్చినవి చూశాను. కూర్చుని చచ్చినదాన్ని చూడ్డం ఇదే" అన్నారు. తర్వాత తల తిప్పి, కంప్యూటరు ముందు కూర్చునే తన అల్లుణ్ణి, ఆ దారిలోనే ఉన్న కొడుకుని ఆపాదమస్తకం పరకాయించి, ఏమీ అనకుండా లేచారు.

ఫోర్ట్ స్టాక్‌టన్‌లో పైసానో పీట్ అని రోడ్‌రన్నర్ పక్షి విగ్రహం ఒకటి ఊరికి పేరు తెచ్చింది. అందరూ దాని దగ్గర ఫొటోలు దిగుతారు. మావయ్యగారు మాత్రం స్పానిష్ బోర్డున్న టైరు షాపు ముందు దిగారు: వరసగా పేర్చిన పాత టైర్లు, గోడకి నల్లటి చేతిముద్రలు, తొట్టెలో మురికినీళ్ళు. "ఇదీ ఊరంటే!" అన్నారు. యజమానికి స్పానిష్, ఈయనకి తెలుగు. ఒకరు టైరుని తన్నారు, ఇంకొకరు తల అడ్డంగా ఊపారు, ఇద్దరూ నా వంక చూసి నవ్వారు. నాలుగు కొత్త టైర్లకి ధర చెబితే మావయ్యగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. ధర తగ్గింది. ఆ భాషలో ఇంతకాలం ఇక్కడున్న నాకు ఒక్క ముక్క రాదు. బిల్లు కట్టేముందు ఆయన నాలుగింటి పుట్టినతేదీలూ క్లీనర్ చేత చదివించుకున్నారు.

బిగ్ బెండ్‌లో రియో గ్రాండ్ విలేజ్ దగ్గర బస. నదికవతల మెక్సికో, ఇవతల వరసగా ట్రైలర్లు. చీకటిపడ్డాక మావయ్యగారు కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే, టార్చి వేసుకుని పరాయివాళ్ళ ట్రైలర్ల కింద గొంతుకూర్చుని టైర్లు చదువుతున్నారు. పక్కన కొడుకు ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాడు: "అయ్యా, మా నాన్నగారు ఇది 2014ది అంటున్నారు." భయపడాల్సిన వాళ్ళు కాఫీ ఇస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే మా తలుపు ఎవరో తట్టారు. టోపీ పెట్టుకున్న ముసలాయన, చేతిలో మడత కుర్చీ. టైర్లు చూసే పెద్దాయన లేచారా అనడిగాడు. మావయ్యగారు లోపల పళ్ళు తోముకుంటూనే కేకేశారు:

"టీ తాగి వస్తానని చెప్పరా. ఈలోగా ఆయన్ని కూర్చోవద్దను!"