ఇరవై ఎనిమిది మూలలు

నేనొక ఊరి పటాన్ని. ఊరు టస్కీగీ, అమెరికాలో అలబామా రాష్ట్రం, మేకన్ కౌంటీ. నాలో రెండు బొమ్మలున్నాయి. బయటిది చక్కటి చతురస్రం, ఊరి పాత పొలిమేర. లోపల నల్లటి గీతతో ఉన్నది 1957లో రాష్ట్ర శాసనసభ పెట్టిన కొత్త పొలిమేర. దానికి 28 భుజాలు. మతి నిలకడగా ఉన్న ఏ సర్వేయరూ గీసే ఆకారం కాదది. ఎలుకలు కొరికిన విస్తరాకులా ఉంటాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పుట్టించినవాళ్లకే లేనప్పుడు నాకెందుకు?

ఆ మాటకొస్తే నేను మొదట గీతగా కాదు, మాటలుగా పుట్టాను. దస్తావేజులో హద్దులు రాసినట్టు, ఈ మూల నుంచి ఉత్తరానికి ఇంత, అక్కడి నుంచి తూర్పుకు ఇంత అంటూ సాగే 140వ నంబరు స్థానిక చట్టంగా. బిల్లు పెట్టినాయన శామ్ ఎంగెల్‌హార్ట్ అనే సెనేటరు, నల్లవాళ్లకు సమాన హక్కులు వద్దనే తెల్లవాళ్ల సిటిజన్స్ కౌన్సిళ్ల నాయకుల్లో ఒకడు. సభలో చర్చంటూ జరగలేదు. గవర్నరు సంతకం పెట్టకుండా ఊరుకున్నా 1957 జూలైలో చట్టమై కూర్చుంది. ఊళ్లో ఓటున్న నల్లవాళ్లు అప్పటికి 400 మంది దాకా ఉండేవారు. కొత్త గీత పడ్డాక లోపల మిగిలింది నలుగురో ఐదుగురో. తెల్ల ఓటరు ఒక్కడూ బయటికి పోలేదు. ఇంత పనితనం కావాలంటే ఏ ఇల్లు ఎవరిదో తెలిసి గీయాలి. ఒక్కోచోట నా మూల ఎందుకలా మెలిక తిరిగిందో ఊళ్లోవాళ్లెవరిని అడిగినా చెబుతారు.

అసలు ఇంత అవస్థ ఎందుకంటే, ఆ ఊరి నల్లవాళ్లు చదువుకున్నారు కాబట్టి. బుకర్ టి. వాషింగ్టన్ 1881లో మొదలుపెట్టిన టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ అక్కడే ఉంది. మాజీ సైనికుల ఆసుపత్రి 1923లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన నల్లజాతి వైమానికులు శిక్షణ పొందింది అక్కడే. రోజా పార్క్స్ పుట్టిందీ అక్కడే. ఆచార్యులు, డాక్టర్లు, నర్సులు ఓటు కోసం వరస కడితే వాళ్లను ఎంతకాలమని వెనక్కి పంపుతారు? పంపారు లెండి, చాలాకాలమే పంపారు. నమోదు బోర్డు సభ్యులు రాజీనామాలు చేసి నెలల తరబడి బోర్డే లేకుండా చేసిన కాలం ఉంది. అయినా ఏటా కొందరు ఎలాగో లోపలికొచ్చేవారు. ఇక ఆపలేమని తెలిసి ఊరినే వాళ్ల కింద నుంచి లాగేశారు.

ఇప్పుడు ప్లీడరు సంగతి.

చిన్న ఊళ్లో సర్కారు మీద దావా వెయ్యాలంటే ప్లీడర్లు లేక కాదు కష్టం. తాలూకా కోర్టున్న ఊరివాళ్లు మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎదురెదురుగా వాదించుకున్న ఇద్దరూ బారు రూములో ఒకే బల్ల దగ్గర టీ తాగుతారు. జడ్జిగారి తోడల్లుడు మేయరుకి స్నేహితుడవుతాడు. ఇంటి కాగితాలు, బ్యాంకు అప్పు, కొడుకు ఉద్యోగం అన్నీ అదే నలుగురి చేతుల్లో తిరుగుతుంటాయి. మీ కేసు పట్టుకున్న మర్నాటి నుంచి ఆ ప్లీడరు గుమ్మం తొక్కేవాడుండడు. అలబామాలో దీనికి తోడు ఇంకొకటి. హక్కుల కేసులకు అండగా ఉండే ఎన్‌ఏఏసీపీ సంస్థ 1956 జూన్ నుంచి ఆ రాష్ట్రంలో పనిచేయకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చారు. తెచ్చింది అటార్నీ జనరల్ జాన్ ప్యాటర్సన్. ఆ నిషేధం 1964 దాకా నడిచింది.

టస్కీగీ సివిక్ అసోసియేషన్ అనే నల్లవాళ్ల సంఘం వాళ్లు ప్లీడరు కోసం సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్న మాంట్‌గోమరీ వైపు చూశారు. అక్కడ ఫ్రెడ్ గ్రే ఉన్నాడు. అప్పటికి 26 ఏళ్లవాడు. రెండేళ్ల వయసులో తండ్రి పోతే తల్లి పెంచింది. అలబామా విశ్వవిద్యాలయంలో నల్లవాళ్లకు అప్పట్లో లా సీటిచ్చేవారు కాదు కనక ఒహాయో రాష్ట్రం వెళ్లి చదివాడు. ఇక్కడ నాకు నవ్వొచ్చే సంగతొకటుంది. నల్ల విద్యార్థులు తమ విశ్వవిద్యాలయం గేటు దాటకుండా ఉండేందుకు, వేరే రాష్ట్రంలో చదివితే ఫీజులో కొంత అలబామాయే ఇచ్చేది. తన మీద వరసగా దావాలు వేయబోయే మనిషి చదువుకు తన ఖజానాలోంచే డబ్బు కట్టిందన్నమాట. 1954లో తిరిగొచ్చి బోర్డు కట్టాడు. 1955 మార్చిలో బస్సు సీటు వదలని 15 ఏళ్ల క్లాడెట్ కాల్విన్ తరఫున, డిసెంబరులో రోజా పార్క్స్ తరఫున నిలబడ్డాడు. మాంట్‌గోమరీ బస్సుల్లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరువేరు సీట్లన్న పద్ధతిని 1956లో కొట్టేయించిన దావా అతనిదే.

ఆ దావాలోనే వకాలతు ఎంత గట్టిగా రాయించుకోవాలో అతనికి తెలిసొచ్చింది. వాదుల్లో ఒకామె సంతకం పెట్టింది. బెదిరింపులు మొదలయ్యాక నేను దావా వెయ్యమనలేదంది. ఆమెను అనడానికి నాకు నోరు రాదు, ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఆమె స్థానంలో ఉండి చూడాలి. అయితే అధికారులు ఊరుకోలేదు. అనుమతి లేకుండా కక్షిదారు తరఫున దిగాడని గ్రే మీదే నేరం మోపారు. దావా పడింది ఫెడరల్ కోర్టులో కనుక రాష్ట్రానికి ఆ అధికారం లేదని తేలి అది వీగిపోయింది. అదే ఏడాది అతన్ని సైన్యంలోకి పంపే ప్రయత్నమూ జరిగింది. అంతకుముందు అతను మతబోధకుడు కనక మినహాయింపు ఉండేది.

టస్కీగీవాళ్లు మామూలు కక్షిదారులు కారు. అది నేను దగ్గరుండి చూశాను. అసోసియేషన్ అధ్యక్షుడు చార్లెస్ గోమిలియన్, ఇన్‌స్టిట్యూట్‌లో సమాజశాస్త్ర ఆచార్యుడు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. విలియం మిచెల్ అనే ఆయన ఓటు నమోదు లెక్కలన్నీ రాసిపెట్టేవాడు. ఎవరు ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, ఎవరిని ఎందుకు తిప్పిపంపారు, బోర్డు ఏ రోజు కూర్చోలేదు, అన్నీ. మిచెల్ అంతకు ముందే 1940ల్లో బర్మింగ్‌హామ్ ప్లీడరు ఆర్థర్ షోర్స్‌ను పెట్టుకుని బోర్డు మీద దావా నడిపినవాడు. న్యాయం జరగాలి బాబూ అని దండం పెట్టి కూర్చునే కక్షిదారుకూ, తేదీలతో పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టే కక్షిదారుకూ ప్లీడరు పనిలో ఎంత తేడా ఉంటుందో ఏ గుమస్తానడిగినా చెబుతాడు.

ఇంకో తేడా కూడా ఉంది, అది జీతాలది. ఆసుపత్రివాళ్ల జీతం వాషింగ్టన్ నుంచి వచ్చేది, ఇన్‌స్టిట్యూట్ జీతాలు దాని ట్రస్టీలిచ్చేవారు. మేకన్ కౌంటీలో తెల్ల భూస్వామి దగ్గర పత్తి పాలికి చేసుకునే నల్లరైతు దావాలో పేరు పెట్టాడంటే ఇల్లు, పొలం, కొట్లో అప్పు మూడూ ఒక్కసారే పోయేవి. నా కేసులో వాదుల పేర్లు ఎందుకు వాళ్లవే, ఆ రైతులవి ఎందుకు కావు అంటే ఇదే కారణం. ఈ కేసును గొప్పగా చెప్పుకునే కథల్లో ఈ ముక్క వదిలేస్తుంటారు.

నా బిల్లు చట్టం కాకముందే, 1957 జూన్‌లో, బట్లర్ చాపెల్ చర్చిలో అసోసియేషన్ వాళ్లు సభ పెట్టి మన స్నేహితుల దగ్గరే కొందామని తీర్మానించారు. బహిష్కారం అన్న మాట కావాలనే వాడలేదు, ఎందుకంటే అప్పట్లో అలబామాలో బహిష్కారం నేరం. తెల్లవాళ్ల దుకాణాలు బోసిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. ప్యాటర్సన్ అసోసియేషన్ ఆఫీసు సోదా చేయించి కోర్టుకెక్కాడు. ఆ గొడవలోనూ ప్లీడరు గ్రేయే.

నన్ను సవాలు చేస్తూ 1958 ఆగస్టులో ఫెడరల్ కోర్టులో దావా పడింది, ఊరి మేయరు ఫిలిప్ లైట్‌ఫుట్ మొదలైనవాళ్ల మీద. జడ్జి ఫ్రాంక్ జాన్సన్. రెండేళ్ల కిందట బస్సుల కేసులో గ్రే పక్షాన తీర్పిచ్చిన బెంచీలో ఈయనా ఒకడు. ఆయనే నా దావా కొట్టేశాడు. పక్షపాతం కాదది. పొలిమేరలు మార్చడం శాసనసభ పని, అందులో కోర్టు దిగదన్న పాత తీర్పులు ఆయన చేతులు కట్టేశాయి. న్యూ ఆర్లియన్స్ అప్పీలు కోర్టూ ఇద్దరికొకరి తేడాతో అదే మాటంది. ఆ ఒక్కరి అసమ్మతే ఆశ మిగిల్చింది.

అడ్డున్నది ముఖ్యంగా 1946 నాటి కోల్‌గ్రోవ్ తీర్పు. నియోజకవర్గాల హద్దుల తగాదాల్లో కోర్టులు వేలు పెట్టకూడదన్నది దాని సారం. రాసింది జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. 1960లో సుప్రీంకోర్టు బెంచీ మీద ఆయన ఇంకా ఉన్నాడు. అంటే ఆయన మాటను ఆయన చేతే దాటించాలి. గ్రే, ఎన్‌ఏఏసీపీ ప్లీడరు రాబర్ట్ కార్టర్ కలిసి వాదనను వేరే దారి పట్టించారు. మాకు ఎక్కువ సీట్లివ్వండి, హద్దులు సమంగా గీయండి అనలేదు. రంగు చూసి ఓటు తీసేశారు, రాజ్యాంగం 15వ సవరణ అది కూడదంటోంది, ఇది రాజకీయ తగాదా కాదు అన్నారు.

అక్టోబరులో వాదనలు జరిగాయి. నన్ను తొమ్మిదిమంది జడ్జీల ఎదుట నిలబెట్టారు. ఫ్రాంక్‌ఫర్టర్ నన్ను చూస్తూ, టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ ఇందులో ఎక్కడుందని గ్రేని అడిగాడు. అది ఈ ఊళ్లో లేదండీ, గీతకు అవతల ఉందన్నాడు గ్రే. టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ టస్కీగీలో లేదా అని ఆయన మళ్లీ అడిగాడు. గ్రే తర్వాత చాలా చోట్ల చెప్పుకున్న సంగతే ఇది, కేసు గెలిచామని తనకు అప్పుడే అనిపించిందట. పేజీలకొద్దీ ఉన్న బ్రీఫులు చేయలేని పని నేను చేశానని గొప్పలు పోతున్నాననుకోకండి. వాళ్లు గీసిన గీతే నేను, నేను చేసిందల్లా కనబడటం.

1960 నవంబరు 14న తీర్పొచ్చింది. తొమ్మిదిమందీ ఒకే మాట. రాసింది ఫ్రాంక్‌ఫర్టరే. తీర్పుకు నన్ను అనుబంధంగా అచ్చువేశారు, చతురస్రం, దాని లోపల నల్లగీత. దావా వినదగ్గదేనని కేసు కిందికి పంపారు. 1961లో అదే ఫ్రాంక్ జాన్సన్ నన్ను రద్దుచేసి పాత పొలిమేర తిరిగి నిలబెట్టాడు. ఆ తర్వాత రెండేళ్లలోపే సుప్రీంకోర్టు నియోజకవర్గాల హద్దుల తగాదాలకూ తలుపు తెరిచింది. అప్పుడు ఫ్రాంక్‌ఫర్టర్ గట్టిగా అసమ్మతి రాశాడు. నా విషయంలో మనసు కరిగినంత మాత్రాన ఆయన సిద్ధాంతం మారలేదు.

ఓడిన పటానికి ఆయుష్షు ఎక్కువ. అమెరికా లా పుస్తకాల అలమరాల్లో 364వ సంపుటంలో ఇప్పటికీ ఉన్నాను. ఫ్రెడ్ గ్రేకు టస్కీగీతో సంబంధం తెగలేదు. 1970లో ఆ ప్రాంతం నుంచే రాష్ట్ర శాసనసభకు గెలిచాడు, నన్ను చర్చ లేకుండా పాస్ చేసిన ఆ సభకే.

1972 జూలైలో చార్లీ పొలార్డ్ అనే మేకన్ కౌంటీ రైతు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆచార్యుడు కాదు, అసోసియేషన్ మనిషి కాదు. ప్రభుత్వ ఆరోగ్య శాఖ 1932 నుంచి 40 ఏళ్లపాటు సుమారు 600 మంది నల్లవాళ్ల మీద చేసిన సిఫిలిస్ పరిశీలన అప్పుడే పత్రికల్లో బయటపడింది. వాళ్లలో జబ్బున్నవాళ్లు 399 మంది. జబ్బేమిటో వాళ్లకు చెప్పలేదు, ఒంట్లో చెడ్డ రక్తం అన్నారు. పెనిసిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. పొలార్డ్ ఆ జాబితాలో ఒకడు. ప్లీడరును పెట్టుకుంటే భూమి పోతుందేమోనన్న లెక్క 1957లో అతనిలాంటివాళ్లను ఆపింది. 1972లో అతనే ముందు నడిచాడు. దావా మరుసటేడు దాఖలైంది, 1974 డిసెంబరులో కోటి డాలర్లకు రాజీ కుదిరింది. బతికున్న ఒక్కో రోగికి 37,500 డాలర్లు. ఆ దావా విన్న జడ్జి కూడా ఫ్రాంక్ జాన్సనే.