కానిది, తప్పనిది

అసాధ్యాన్ని, అనివార్యాన్ని తెలిపే క్రియలను పరిశీలించే వ్యాకర్తకు రెండు సందేహాలు కలగడం సహజం: పని ఎందుకు కాదు, ఎవరి వల్ల కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల తెలుగు మొదటి సందేహానికి పది జవాబులు చెప్పి, రెండవదాని జోలికే పోదు.

ఈ మౌనానికి మూలం 'కాదు' అనే క్రియలో ఉంది. ఇది 'అగు' ధాతువుకు వ్యతిరేక రూపం కనుక, 'చేయను' అన్నవాడికి వచ్చే చెడ్డపేరు 'అది కాదప్పా' అన్నవాడికి రాదు. తప్పంతా జరగడానికి మొండికేసిన ఆ పనిదే అవుతుంది. కర్ణాటక సరిహద్దున ఉన్న హిందూపురంలో ఇదే మాటను కన్నడంలో 'ఆగల్ల' అనడం కూడా వినిపిస్తుంది గాని, అక్కడా అర్థం 'అవదు' అనే కనుక, భాష మారినా బాధ్యుడు దొరకడు.

అనివార్యతకు ఈ సీమలో 'పోవల్ల', 'చేయల్ల' అనే రూపాలున్నాయి. కోస్తావారి 'పోవాలి', 'చేయాలి' లాగానే ఇవీ 'వలయు' అనే ధాతువు సంతానమే. ఆ ధాతువుకు కోరు, ఇష్టపడు అని కూడా అర్థముంది కనుక, ఇష్టంగా మొదలైనవి బాధ్యతలుగా తేలుతాయనే సంగతిని సంసారులకంటే ముందే వ్యాకరణం కనిపెట్టిందని చెప్పవచ్చు. దీనికంటే బలమైనది 'తప్పదు'. తప్పించుకునే దారి లేదని దీని అర్థం. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిన విజయనగర పాలకులు హంపీని విడిచి పెనుకొండను రాజధాని చేసుకోవడం ఈ క్రియకు ఈ ప్రాంత చరిత్రలో దొరికే అతిపెద్ద ఉదాహరణ.

అయితే వ్యవహారంలో 'కాదు' అన్నది చాలాసార్లు ముగింపు కాదు, ఆరంభం. హిందూపురంలో కరిపులి రకం చింతపండు బస్తా ముందు నిలబడి 'ఆ రేటుకు కాదు' అన్న వ్యాపారి అక్కడి నుంచి కదలకపోతే, బేరం మొదలైందని రైతుకు తెలుస్తుంది. ధర్మవరంలో శ్రావణమాసపు పెళ్ళికి పట్టుచీర అడిగినవారికి నేతగాడు 'శ్రావణం లోపల కాదప్పా' అని చెప్పి, పాత పడుగు అయిపోయిందనీ, కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలనీ, జరీ ఇంకా రాలేదనీ, వాన పడితే మగ్గం గుంతలో తేమ చేరుతుందనీ ఓపికగా వివరిస్తాడు. పడుగంటే మగ్గంపై నిలువుగా సాగే దారాలు కనుక ఈ కారణాలన్నీ నిజమే. అవన్నీ విన్నాక కూడా వచ్చినవారు లేవకపోతే, 'ఆడపిల్ల పెండ్లి అంటాండారు, నేయక తప్పుతాదా' అని ఆయనే అంటాడు. కానిదానికీ తప్పనిదానికీ మధ్య దూరం ఒక కాఫీ తాగేంత సేపేనని దీనివల్ల రుజువవుతుంది.

ఇది ఈ సీమకే పరిమితమైన తెలివి కాదు. జపాను భాషలో వెళ్ళక తప్పదనడానికి 'ఇకనాకెరెబా నరనై' అంటారు. మాటకు మాట వేస్తే 'వెళ్ళకుంటే కాదు' అని వస్తుంది. చేసేదేమీ లేదనడానికి వాడే 'షికతా గ నై'కి అర్థం 'చేసే మార్గం లేదు' అని. కొరియా భాషలో 'హెయా ద్వె' అంటే 'చేస్తేనే అవుతుంది', 'ఆన్ ద్వె' అంటే 'అవదు'. అమెరికా మిషనరీ హోమర్ హల్బర్ట్ 1905లోనే కొరియా, ద్రావిడ భాషల వ్యాకరణాలను పోలుస్తూ పుస్తకం అచ్చువేశాడు. ఇవి ఒకే కుటుంబానివన్న వాదాన్ని భాషావేత్తలు అంగీకరించలేదు గాని, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కొరియావారి కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టడంతో, చుట్టరికం లేని ఈ రెండు భాషలకు రోజూ ఒకేచోట 'కాదు' చెప్పుకోవలసిన అవసరం మాత్రం ఏర్పడింది.

నిజమైన అసాధ్యాన్ని తెలిపే మాటలో వ్యతిరేకార్థం మచ్చుకైనా ఉండదు. జపానువారు 'చోట్టో', అంటే 'కొంచెం', అని సగంలో ఆపేస్తే మర్యాదగా కాదన్నట్టు. ఇక్కడివారు 'చూద్దాంలేప్పా' అంటే కూడా అంతే. కాబట్టి ఈ మూడు ఊళ్ళలో పని పెట్టుకున్నవారు 'కాదు' అని విని నిరాశపడి లేచిపోనక్కరలేదు. 'చూద్దాం' అని విన్నప్పుడు మాత్రం కాఫీ కోసం కూడా ఆగకుండా మరో చోటు వెతుక్కోక తప్పదు.