ఎదుటింటి సంస్కర్తలు

లోకాన్ని బాగుచెయ్యాలని చేతులు దురద పెట్టేవాళ్లు పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో అమెరికాలో పుట్టి ఉండాల్సింది. అక్కడ ప్రతి రోగానికీ ఒక సంఘం, ప్రతి సంఘానికీ ఒక అధ్యక్షుడు, ఆయన నోటినిండా ఒక ఉపన్యాసం. తాగుడు మాన్పించడానికి 1826లో బోస్టన్‌లో ఒక సంఘం వెలిసింది. పొట్టు తియ్యని గోధుమరొట్టె తింటే కామోద్రేకం చల్లారుతుందని సిల్వెస్టర్ గ్రాహం ఊరూరా చాటాడు. అన్నిటికీ షరతు మాత్రం ఒకటే: బాగుపడాల్సింది ఎదుటివాడు.

అగ్రతాంబూలం మాత్రం 1816లో వాషింగ్టన్‌లో పుట్టిన అమెరికన్ కాలనైజేషన్ సొసైటీకే ఇవ్వాలి. బానిసత్వం దేశానికి పట్టిన అరిష్టమని అందులో చాలామంది ఒప్పుకున్నారు. మరి మందేమిటి? స్వేచ్ఛ పొందిన నల్లజాతివాళ్లను ఓడెక్కించి ఆఫ్రికాకు సాగనంపడం! సంకెళ్లలో ఉన్నవాడితో ఇబ్బంది లేదు, వీధిలో తలెత్తుకు తిరిగేవాడే కంట్లో నలుసు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరిదో నేలను ఇంకెవరికో కట్టబెట్టి, అక్కడి ఊరికి తమ దేశాధ్యక్షుడు మన్రో పేరు పెట్టుకున్నారు.

సొసైటీ తొలి అధ్యక్షుడు బుష్‌రాడ్ వాషింగ్టన్ సామాన్యుడు కాడు. జార్జి వాషింగ్టన్‌కు స్వయానా తమ్ముడి కొడుకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 1821లో ఈ మహానుభావుడు తన మౌంట్ వెర్నన్ ఎస్టేటు నుంచి 54 మంది బానిసలను లూసియానావాళ్లకు అమ్మేశాడు. లూసియానా ఆఫ్రికాలో ఉందనుకున్నాడేమో పాపం! న్యాయశాస్త్రంలో భూగోళం పాఠం ఉండదు కదా.

ఓడెక్కాల్సినవాళ్ల అభిప్రాయమూ తెలియకపోలేదు. 1817 జనవరిలో ఫిలడెల్ఫియా బెతెల్ చర్చిలో సుమారు 3,000 మంది నల్లజాతివాళ్లు సమావేశమైతే, వెళ్తామన్న గొంతు ఒక్కటీ లేవలేదు. ఈ నేలను సాగుచేసింది మా పూర్వీకులు, మమ్మల్ని వెళ్లగొట్టడమేమిటని తీర్మానించారు. సొసైటీ ఆ మాట చెవిన పెట్టకుండా ఓడల ఏర్పాట్లు చూసుకుంది.

ప్రజాస్వామ్యాన్నీ సంస్కరించారండోయ్. 1821లో న్యూయార్క్ రాజ్యాంగం తిరగరాసుకుని, భూమి లేని తెల్లవాడికీ ఓటు తలుపు తెరిచింది. నల్లవాడికి మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలంది. ఆడవాళ్ల సంగతి అడగడమే మర్యాద కాదు.

ఇంతలో విలియం లాయిడ్ గారిసన్ అనే పత్రికాసంపాదకుడు ఆట చెడగొట్టాడు. ఓడలూ వద్దు, గడువులూ వద్దు, బానిసలను తక్షణం విడిచిపెట్టమన్నాడు. 1835 అక్టోబరులో ఆయన్ని తాడుతో కట్టి బోస్టన్ వీధుల్లో ఈడ్చారు. ఈడ్చింది తాగుబోతులు కాదు, సంఘంలో పరువున్న పెద్దమనుషులు. మరి ఆ చుట్టుపక్కల మిల్లులన్నీ తిరిగేది దక్షిణాది బానిసలు ఏరిన పత్తితోనే! ప్రాణం కాపాడటానికి అధికారులు గారిసన్‌నే జైలుకు పంపారు. మరుసటి ఏడాది ప్రతినిధుల సభ ఇంకా తెలివైన మార్గం కనిపెట్టింది. బానిసత్వంపై వచ్చే అర్జీలను చర్చించకుండానే పక్కన పడేసే నిబంధన పెట్టుకుని, 1844 దాకా ప్రశాంతంగా కునుకు తీసింది.

బానిసత్వ వ్యతిరేకులు మాత్రం తక్కువ తిన్నారా? 1840లో లండన్‌లో జరిగిన ప్రపంచ మహాసభకు అమెరికా నుంచి లుక్రీషియా మాట్ లాంటి ప్రతినిధులు సముద్రం దాటి వస్తే, ఆడవాళ్లకు సభలో స్థానం లేదని పక్కన కూర్చోబెట్టారు. మానవజాతి విముక్తి గురించి మగవాళ్లు గంభీరంగా మాట్లాడుకున్నారు. ఆలస్యంగా చేరిన గారిసన్ మాత్రం ఆడవాళ్ల వైపు వెళ్లి కూర్చున్నాడు. ఆయనకెప్పుడూ ఎక్కడ కూర్చోవాలో తెలియదు.

ఇక 1843లో మసాచుసెట్స్‌లో బ్రాన్సన్ ఆల్కాట్, చార్లెస్ లేన్ ఫ్రూట్‌లాండ్స్ అనే ఆశ్రమం పెట్టారు. పత్తి బట్ట కట్టరు, అందులో బానిస చెమట ఉంది. ఉన్ని తొడగరు, అది గొర్రె సొత్తు. పశువుల చేత చాకిరీ చేయించడం పాపం. బార్లీ చేతికొచ్చే వేళకు మగవాళ్లంతా ధర్మబోధకు వెళ్లిపోతే, తుపాను ముంచుకొస్తుంటే తల్లీపిల్లలే పంట మోసుకొచ్చారని ఆల్కాట్ కూతురు లూయీసా తర్వాత కథగా రాసింది. చాకిరీ చెయ్యకూడనివాళ్ల జాబితాలో భార్యలు లేరు మరి.