సర్వర్ శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం

సర్వర్ లేదు. రేపు రండి.
ఆధార్, పాస్‌బుక్కు జిరాక్సులు తేవలెను.
పేరు రెండింట్లో ఒక్క తీరే ఉండవలెను.
లింకు ఉన్న ఫోను వెంట ఉండవలెను.

అవతారిక

వక్త ఆన్‌లైన్ సెంటర్ నడిపే పిల్లగాడు. శ్రోత మొదటి బస్సుకు దిగిన రైతు. కాలం వానకాలం పంటకు ముందు. స్థలం ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ మండల కేంద్రమైనా కావచ్చు. శాసనం తెల్లకాగితం మీద నీలి స్కెచ్‌పెన్నుతో రాసి, నాలుగు మూలలా టేపు వేసి అద్దానికి అంటించబడి ఉంటుంది. కవి తన పేరు చెప్పుకోలేదు. "నెట్ లేదు" అని ఒక పాఠాంతరం, "సైట్ ఓపెన్ అయితలేదు" అని మరొకటి. ఫలితంలో తేడా లేదు కనుక వ్యాఖ్యాత మొదటి పాఠాన్నే గ్రహించాడు.

ప్రతిపదార్థం

సర్వర్ = దూరాన ఉండి, అడిగినవారికి రికార్డు తీసి చూపే యంత్రం; లేదు = ఉన్నది, మనకు పలకదు; రేపు = ఇంకెప్పుడైనా; రండి = బస్సు కిరాయి మళ్ళీ పెట్టుకుని రండి; ఒక్క తీరే = పొల్లు కూడా తేడా లేకుండా; లింకు ఉన్న ఫోను = కొడుకు పట్నం తీసుకుపోయినది.

టీక

"సర్వర్ లేదు": ఆ గదిలోని కంప్యూటర్‌లో రైతు సంగతి ఒక్కటీ ఉండదు. భూమి లెక్క రెవెన్యూ శాఖది, బియ్యం లెక్క పౌరసరఫరాలది, బండి లెక్క రవాణా శాఖది, ఆధార్ ఢిల్లీది. ఒక యంత్రం దగ్గరున్న సంగతి మరొక యంత్రానికి చేరడానికి మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది నకలు మార్గం. పట్టిక మొత్తాన్ని కాపీ తీసి పంపేస్తారు. లైను తెగినా పని సాగుతుంది. కానీ నిన్నటి నకలుకు నేటి సంగతి తెలియదు కాబట్టి అందులో చచ్చినవాడు బతికే ఉంటాడు, అమ్ముకున్నవాడు ఇంకా పట్టాదారే. రెండవది పృచ్ఛా మార్గం. అవసరం పడ్డప్పుడల్లా ఆ శాఖ యంత్రాన్నే అడుగుతారు. అందుకు తెరిచి ఉంచిన దారిని ఏపీఐ అంటారు. సర్వే నంబరు ఇస్తే పట్టాదారు పేరు ఇవ్వాలని ముందే ఒప్పందం ఉంటే అంతే ఇస్తుంది, మిగతాది ఇవ్వదు. జవాబు తాజాగా వస్తుంది, కానీ అవతలివారు పలకకపోతే ఇవతల అంతా బంద్. మూలంలోని "లేదు" ఈ రెండవ మార్గపు ఫలం.

ఇచట దర్శన భేదం ఉంది. పూర్వం ద్వైతం చెల్లేది. రిజిస్ట్రేషన్ ఆఫీసు వేరు, తహసీలు వేరు. ఒకచోట భూమి కొని, రెండోచోట మ్యుటేషన్ కోసం ఏళ్ళు తిరిగేవారు. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ అద్వైతాన్ని స్థాపించింది. తహసీల్దారే సబ్ రిజిస్ట్రార్, రిజిస్ట్రేషన్ అయిన వెంటనే మ్యుటేషన్. రెండు పుస్తకాలు ఒక్కటైపోయాయి. అద్వైతంలో చిక్కేమంటే, ఉన్న ఒక్క పుస్తకంలో తప్పు పడితే సరిపోల్చుకోవడానికి రెండోది ఉండదు. తహసీల్దారు చేతిలో దిద్దే అధికారం లేక చిన్న అక్షరదోషానికీ కలెక్టర్ దాకా పోవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూ భారతి అప్పీలుకు మెట్లు కట్టింది. తొలి ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లాలోని మన మద్దూరు ఒకటి. ఇక మూడవది విశిష్టాద్వైతం. శాఖల లెక్కలు వేటికవే ఉంటాయి, పైనుంచి ఒక యంత్రం అన్నింటినీ కలిపి చూస్తుంది. రాష్ట్ర ప్రభుత్వపు సమగ్ర వేదిక ఆ మతానిది. దాని సంగతి అలంకారం దగ్గర వస్తుంది.

"జిరాక్సులు తేవలెను": కంప్యూటర్‌లో ఉన్న నంబరునే మళ్ళీ కాగితం మీద అడగడం పునరుక్తి దోషం కాదా అని ఆక్షేపణ. కాదు, ఇది పరంపర అని సమాధానం. పట్వారీల కాలంలో ఊరి లెక్క ఊర్లో, తాలూకా లెక్క తాలూకాలో ఉండేది. ఏటా జమాబందీకి పట్వారీ తన పహాణీల బస్తా మోసుకుపోయి పైలెక్కతో సరిచూపేవాడు. ఆ బస్తాలో ఎన్ని మాయలున్నా, మోసే భారం మాత్రం పట్వారీదే. 1984లో పట్వారీలు పోయారు. 2020లో వీఆర్వోలు పోయారు. బస్తా రైతు చంకకు వచ్చింది. రెండు శాఖల యంత్రాలు కలవనిచోట వాటిని కలిపే తీగ ఈనాడు రైతే, పాలిథిన్ కవర్‌లో మడిచిన జిరాక్సే.

"పేరు రెండింట్లో ఒక్క తీరే ఉండవలెను": శాసనానికి ఇది ఆయువుపట్టు. నిజాం కాలపు మూల భూమి లెక్క అయిన సేత్వార్ ఉర్దూలో ఉంది. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు కనుక నరసింహ, నర్సింహ ఒకే రూపం దాలుస్తారు. తరువాత పహాణీ తెలుగులోకి వచ్చింది. ఆ తరువాత కంప్యూటర్ ఇంగ్లీషు అడిగింది. లింగయ్యను ఆధార్ వారు ఎల్ ఐ ఎన్ జి ఏ ఐ ఏ హెచ్ అన్నారు, పాస్‌బుక్కు వారు ఎల్ ఐ ఎన్ జి ఏ వై వై ఏ అన్నారు. మనిషికి ఒక్కడే, యంత్రానికి ఇద్దరు. అటు యాదగిరి గుట్ట చలువతో యాదయ్యలు, చెర్వుగట్టు చలువతో లింగయ్యలు, ఇటు కురుమూర్తి చలువతో కుర్మయ్యలు ఊరూరా ఉన్నారు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తే మనుషులు ఇద్దరైనా యంత్రానికి ఒక్కడే.

ఊరి పేరూ నిలకడగా లేదు. 2016 అక్టోబర్ 11న నల్లగొండ మూడైంది, మహబూబ్‌నగర్ నాలుగైంది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట విడివడింది. మద్దూరు ఉన్నచోటనే ఉండి జిల్లా మారింది. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త కాగితంలో మరొకటి. అందుకే ఊరిని పేరుతో కాక కోడ్ నంబరుతో గుర్తించడం మేలని శాస్త్రకారుల మతం.

అలంకారం

సమగ్ర వేదిక అక్షరం అక్షరం కలవాలని పట్టుబట్టదు. దగ్గరగా ఉన్న పేర్లను, అడ్రసులను చూసి వీరిద్దరూ ఒకరేనని ఊహిస్తుంది. పోలిక వల్ల ఒకదాన్ని మరొకటిగా నిశ్చయించుకోవడం భ్రాంతిమదలంకారం. ముఖాన్ని చూసి చకోరం చంద్రుడనుకుంటే కావ్యంలో చమత్కారం పుడుతుంది. పేదవాడి పేరును చూసి యంత్రం కారున్నవాడనుకుంటే రేషన్ కార్డు పోతుంది. హైదరాబాద్‌లో ఒక ఇంటికి అలాగే పోయింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నీ పేర్ల తికమకే కానక్కరలేదు. ఇంటికి వెళ్ళి అడగకుండా యంత్రం మాట మీద కొట్టేయడమే అసలు దోషం.

ఇది ముఖమా, చంద్రుడా అని తేల్చుకోలేక ఆగడం సందేహాలంకారం. ప్రభుత్వ యంత్రానికి తగినది ఇదే.

"లింకు ఉన్న ఫోను": ఇది దౌత్య ఘట్టం. ఓటీపీ అనే దూత రైతు వద్దకు రాడు, నంబరు వద్దకు పోతాడు. ఆ నంబరు భీవండి మగ్గాల దగ్గరనో, బొంబాయి మేస్త్రీ పనిలోనో ఉన్న కొడుకు జేబులో ఉంటుంది. "జల్ది చెప్పు బిడ్డా, టైమైపోతున్నది" అని తండ్రి, "మిషన్ చప్పుడుల ఇనస్తలేదు నాయినా" అని కొడుకు. కొద్ది నిమిషాల్లో దూత ఆయువు తీరుతుంది. రసం కరుణ. పక్కన నిలబడ్డవారికి హాస్యం.

తాత్పర్యం

ఓ రైతా! నీ సంగతులన్నీ ప్రభుత్వం దగ్గర ఉన్నవి, కానీ ఒకచోట లేవు. ఉన్నచోట్ల ఒక్క తీరుగా లేవు. వాటిని కలిపే పని నీది, కలవకపోతే నష్టమూ నీదే అని భావం.

ఫలశ్రుతి

వ్యాఖ్యాత తీర్పు ఇది. రెండు శాఖల లెక్కలు కలవనప్పుడు తప్పు లెక్కది, మనిషిది కాదు. ఆ పేరు పక్కన "సందేహం" అని రాసి, శాఖ తన ఖర్చుతో ఊరికి మనిషిని పంపి అడగాలి. జవాబు వచ్చేదాకా బియ్యం గాని, పట్టా గాని ఆపకూడదు. అంతవరకు పాఠకులు చేయగలిగిన పని ఒక్కటుంది. ఈ రాత్రే ఇంట్లో పెద్దల ఆధార్, పాస్‌బుక్కు, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోండి. తేడా ఉంటే సర్వర్ ఉన్న రోజు చూసి దిద్దించండి.