వైఫై తప్ప అన్నీ పనిచేస్తున్నాయి

2021 ఏప్రిల్‌లో అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యూటీ హెలికాప్టర్‌ను నడిపింది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా తీస్తే, 2017 నవంబరు నుంచి అన్నింట్లోనూ అదే. అంతటి లైనక్స్‌కు మన వీధి చివర జెరాక్స్ షాపు ప్రింటర్‌తో ఒక్క కాగితం తీయించాలంటే మాత్రం ముచ్చెమటలు పడతాయి.

తప్పు లైనక్స్‌ది కాదంటారు భక్తులు. నిజమే. తన ప్రింటర్ ఏ భాషలో చెబితే వింటుందో కంపెనీయే గుట్టుగా దాచుకుంటే ఎవరేం చేస్తారు? అసలు లైనక్స్‌కు అండగా నిలిచిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వెనకే ఒక ప్రింటర్ గొడవ ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌లో లేజర్ ప్రింటర్‌లో కాగితాలు ఇరుక్కుంటుంటే, రిచర్డ్ స్టాల్మన్ అనే ప్రోగ్రామర్ దాని సోర్స్ కోడ్ అడిగాడు. ఇవ్వలేదు. ఆ మంట కూడా తోడై 1983లో ఆ ఉద్యమానికి నాంది పలికిన గ్నూ ప్రాజెక్టు మొదలైంది. నలభై ఏళ్లు దాటాయి. స్వేచ్ఛ వచ్చింది, ప్రింటు ఇంకా రావాలి.

ల్యాప్‌టాప్ పెట్టె మీద ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో, స్క్రీన్ ఎన్ని అంగుళాలో బోర్డంత అక్షరాల్లో ఉంటాయి. వైఫై చిప్ ఎవరిదో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. లైనక్స్ వాడేవాడికి కావలసింది సరిగ్గా అదే. ఇంటెల్‌దైతే చాలావరకు దాన్ని నడిపే డ్రైవరు లైనక్స్ గుండెకాయ కెర్నెల్‌లోనే ఉంటుంది. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లైతే నెట్ వస్తే గానీ డ్రైవరు రాదు, డ్రైవరు వస్తే గానీ నెట్ రాదు.

పోనీ తెలిసినవాళ్లను అడిగి కొందామా? టీపీ-లింక్ వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే యూఎస్‌బీ వైఫై ముక్క ఉంది. మొదటి వెర్షన్‌లో అథెరాస్ చిప్, గుచ్చగానే లైనక్స్‌లో పనిచేసేది. రెండో వెర్షన్‌కు వచ్చేసరికి లోపల రియల్‌టెక్ కూర్చుంది, తిప్పలు మొదలయ్యాయి. పేరు అదే, మోడల్ నంబరూ అదే. తేడా అంతా స్టిక్కర్ మీద చీమ తలకాయంత వెర్షన్ అంకెలో ఉంది.

గ్రాఫిక్స్ చిప్‌ల ఎన్విడియా సంగతి సరేసరి. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీకి కెమెరా ముందే మధ్యవేలు చూపించాడు. 2022లో వాళ్లు కెర్నెల్ వరకు డ్రైవరు కోడ్ బయటపెట్టారు, మిగతాది ఇంకా మూతే. పదేళ్లు పట్టింది. మన సివిల్ దావాలతో పోలిస్తే చురుకే.

ఇన్ని చిక్కుల మధ్య కంపెనీయే ఉబుంటు అనే లైనక్స్ వేసి అమ్మే ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. లైనక్స్‌తో పనిచేస్తుందని కాస్త భరోసా ఉన్న పెట్టె అది. దాన్ని మనం కొనేది విండోస్ లైసెన్స్ డబ్బు మిగులుతుందని. బిల్లు కొట్టేలోపే షాపు కుర్రాడు అందుకుంటాడు: "ఉబుంటు ఎందుకన్నా, తీసేసి విండోస్ ఏసిస్త. ఆఫీసు, ఫొటోషాపు కూడా ఫ్రీనే!" ఉచితంగా వచ్చినదాన్ని చెరిపి, దొంగసరుకును ఉచితంగా పొంది, సంతోషంగా ఇంటికెళ్తాం.

చివరి బెండకాయ వరకు తోక విరిచి చూసి కొనే జాతి మనది. అరవై వేల ల్యాప్‌టాప్‌కు మాత్రం "సీల్ తీస్తే వాపస్ లేదు సార్" అంటే తలూపి వచ్చేస్తాం. లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. యంత్రంలో ఏమీ మార్చకుండా దాని నుంచే లైనక్స్ నడుస్తుంది. వైరస్ అంటూ షాపువాడు అరుస్తాడు, అరవనివ్వండి. సీల్ తీయనంటే అదే మోడల్ డిస్‌ప్లే పీస్ అడగండి. వైఫై పట్టిందా, పాట వినిపించిందా, మూత మూసి తెరిస్తే నిద్ర లేచిందా చూడండి. అదీ కుదరదంటే డబ్బు జేబులోనే ఉంచుకుని పక్క షాపుకు నడవండి. వేలిముద్ర సెన్సర్ మీద మాత్రం ఎక్కడా ఆశ పెట్టుకోకండి.